బజర్ మోగలేదండి: ఒక రొయ్యల చెరువు, రెండు నిమిషాల కరెంటు కోత

భీమవరం, ఆకివీడు మధ్య ఒక ఊళ్లో ఎకరం వన్నామీ రకం రొయ్యల చెరువు. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలి 82వ రోజు. తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషాలకి చెరువు మీద కాపలా ఉండే కుర్రాడు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద రౌండుకి బయల్దేరాడు. మకాం (కాపలా గది) పక్కనున్న రెండు ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, తిరుగుతున్నాయి. అవతలి గట్టున ఉన్న నాలుగూ ఆగిపోయి ఉన్నాయి. లైటు నీళ్ల మీద వేస్తే రొయ్యలు గట్టు పట్టేసి కనిపించాయి. చేత్తో తీస్తే కదలడం లేదు. తెల్లారేసరికి సగానికి పైగా పోయాయి. మిగిలినవాటిని ఆ రోజే అయినకాడికి పట్టుబడి చేసేశారు, అంటే పట్టి అమ్మేశారు.

ఆక్వా రైతులకి ఆక్సిజన్ మీటర్లు, బజర్లు, స్టార్టర్ ప్యానెళ్లు బిగించడం నా పని. ఆ చెరువు మీద కరెంటు పోతే మోగే బజర్ పెట్టింది నేనే. అందుకే ఆరింటికల్లా నాకు ఫోనొచ్చింది.

వెళ్లేసరికి రైతు కుర్రాడి మీద అరుస్తున్నాడు. "పడుకున్నాడండి వీడు. ఆ బజరు మోగితే పక్క చెరువోళ్లు కూడా లేస్తారు. వీడికి మెలకువ రాలేదా?" కుర్రాడు ఒకటే మాట: "బజర్ మోగలేదండి. మోగితే లేవనా అండి?"

నేను మెయిన్ స్విచ్ తీసి చూశాను. మూడు నిమిషాలాగి బజర్ గట్టిగా మోగింది. బాగానే పనిచేస్తోందని రైతుతో చెప్పాను. ఆ మాటతో కుర్రాడి పని పోయింది. ఇది మొదటే చెప్తున్నాను, ఎందుకంటే ఈ కేసు మొత్తం ఆ మాట తప్పని తేలడం గురించే.

నెల తర్వాత చెరువు ఎండబెట్టి మళ్లీ నీళ్లు పెట్టే ముందు రైతు నన్ను పిలిచాడు. ఈసారి ఇలా జరక్కుండా ఏం చేయాలో కాగితం మీద పెట్టమన్నాడు. మామూలుగా అయితే నేను ఒక లెక్క వేసి ఇచ్చేవాడిని. ఎకరానికి సగటు లోతు నాలుగున్నర అడుగులు అనుకుంటే దాదాపు 55 లక్షల లీటర్ల నీరు. లీటరుకి ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ తగ్గిందంటే మొత్తం చెరువులో అయిదున్నర కిలోల ఆక్సిజన్ పోయినట్టు. రెండు హార్స్ పవర్ ఏరేటర్లు ఆరు ఉన్నాయి. రొయ్యలు ఇంత పీల్చుకుంటాయి, ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మ నాచు) ఇంత, అడుగు బురద ఇంత. ఒకటి చెప్పాలి: రాత్రిపూట ఆక్సిజన్ తినేసేది రొయ్యలేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం తినేసేవి ప్లాంక్టన్, బురదలో కుళ్లే మేత. ఈ లెక్క ప్రకారం ఆరు ఏరేటర్లు సరిపోతాయి. చచ్చిపోయిన పంటకి కూడా ఇదే లెక్క సరిపోయింది. అందుకే ఆ లెక్క మీద నాకు నమ్మకం పోయింది. అందులో గంటకి ఎంత అన్నది ఉంది గానీ, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది, మధ్యలో ఎన్ని నిమిషాలు గడిచాయి అన్నది లేదు.

ఇలాంటి ప్రశ్నలకి వాడే మోడల్ ఒకటుంది, టైమ్డ్ ఆటోమేటా అంటారు. రాజీవ్ అలూర్, డేవిడ్ డిల్ 1990ల మొదట్లో ఈ సిద్ధాంతం రాశారు. విషయం సులువే. ప్రతి యంత్రాన్నీ, ప్రతి మనిషినీ కొన్ని స్థితులుగా రాస్తాం: ఏరేటర్ అయితే తిరుగుతోంది, ఆగింది, మనిషైతే పడుకున్నాడు, లేచాడు, జనరేటర్ దగ్గరికి నడుస్తున్నాడు. ఒక్కోదానికీ ఒక గడియారం ఇస్తాం. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి కనీసం ఎన్ని నిమిషాలకి, మహా అయితే ఎన్ని నిమిషాలకి మారుతుందో రాస్తాం. మారినప్పుడు గడియారాన్ని మళ్లీ సున్నాకి తిప్పవచ్చు. ఇవన్నీ కలిసి నడిస్తే ఎన్ని దారులు సాధ్యమో అన్నీ కంప్యూటర్ వెతుకుతుంది. స్వీడన్‌లోని ఉప్సలా, డెన్మార్క్‌లోని ఆల్బోర్ విశ్వవిద్యాలయాలు కలిసి 1995లో దీనికో సాఫ్ట్‌వేర్ తెచ్చాయి. రెండు ఊళ్ల పేర్లూ కలిపి దానికి ఉప్పాల్ అని పెట్టారు.

దీన్ని చెరువుకి వాడొచ్చన్న ధైర్యం నాకు రెండు చోట్ల నుంచి వచ్చింది.

ఒకటి జీవశాస్త్రం. నెదర్లాండ్స్‌లో ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్లు అనిమో అనే పరికరం తయారుచేశారు. కణంలో ప్రోటీన్లు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే తీరుని అది టైమ్డ్ ఆటోమేటాగా మార్చి లోపల ఉప్పాల్‌తో నడుపుతుంది. వాళ్లు తీసుకున్న ఉదాహరణ నాకు బాగా నచ్చింది. పీసీ12 అనే ఒక రకం కణాలకి ఒక గ్రోత్ ఫ్యాక్టర్ (కణాన్ని పెరగమని చెప్పే పదార్థం) ఇస్తే ఈఆర్‌కే అనే ప్రోటీన్ కాసేపు చురుగ్గా ఉండి తగ్గిపోతుంది, కణాలు విభజన చెందుతాయి. ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ ఇస్తే అదే ప్రోటీన్ గంటల తరబడి చురుగ్గానే ఉంటుంది, కణాలు నాడీకణాల్లా మారతాయి. ప్రోటీన్ ఒకటే, ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి కణం దారి మారిపోతోంది. వాళ్లు ప్రోటీన్ చురుకుదనాన్ని దశాంశాలతో లెక్కించరు. కొన్ని మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వెళ్లడానికి పట్టే కనిష్ఠ, గరిష్ఠ సమయాలు ఇస్తారు. నేను ఆక్సిజన్‌కి సరిగ్గా అదే చేశాను. అర మిల్లీగ్రాముకి ఒక మెట్టు.

రెండోది బ్యాటరీలు. 1993లో మాన్వెల్, మెక్‌గోవన్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఒక మోడల్ రాశారు. బ్యాటరీలో రెండు తొట్లు ఉన్నట్టు ఊహించుకోవాలి. ఒకదాంట్లోది వెంటనే వాడుకోవచ్చు. రెండోదాంట్లోది సన్నని గొట్టం గుండా మెల్లగా మొదటి తొట్టిలోకి వస్తుంది. గబగబా వాడేస్తే రెండో తొట్టిలో సరుకు ఉండగానే బ్యాటరీ పడిపోతుంది. గోమ్‌ఎక్స్-3 అనే చిన్న ఉపగ్రహం 2015లో కక్ష్యలోకి వెళ్లింది. ఏ పని ఎప్పుడు చేస్తే దాని బ్యాటరీ పడిపోకుండా ఉంటుందో ఈ రెండు తొట్ల మోడల్‌నీ, టైమ్డ్ ఆటోమేటానీ కలిపి లెక్కవేశారు.

ఆ రెండు తొట్ల బొమ్మ చూడగానే నాకు చెరువే గుర్తొచ్చింది. పై నీరు ఒక తొట్టి, అడుగు నీరు ఇంకో తొట్టి. ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ రెండూ కలిసే ఉంటాయి. అవి ఆగగానే మధ్య దారి సన్నబడుతుంది. రొయ్య ఉండేది అడుగున, బురద ఆక్సిజన్ తినేదీ అడుగునే. మనం మీటర్ ముంచేదేమో పైన, గట్టు పక్కన, చేయి అందినంత లోతులో.

కొత్త పంటలో 60వ రోజు దాటాక ఒక తెల్లవారుజామున రైతుని ఒప్పించి 20 నిమిషాలు ఏరేటర్లన్నీ ఆపించాను. జనరేటర్ ముందే స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచాం. ఆక్సిజన్ బిళ్లల సంచి విప్పి గట్టు మీద పెట్టుకున్నాం. రైతు గడియారం చూస్తూ గట్టు మీద అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు, ఆయన టెన్షన్ నాకు తెలుస్తూనే ఉంది. ఆక్సిజన్ కొలిచే రెండు ప్రోబ్‌లు కర్రకి కట్టి, ఒకటి పై నీటిలో ఒక్క అడుగు లోతున, ఇంకోటి బురదకి బెత్తెడు ఎత్తున దించాను. 20 నిమిషాల్లో పైన ఆక్సిజన్ లీటరుకి 0.3 మిల్లీగ్రాములు తగ్గింది. అడుగున 0.5 తగ్గింది. చిన్న అంకెల్లా కనిపిస్తాయి. కానీ అడుగున ఒక మెట్టు దిగడానికి 20 నిమిషాలు చాలునన్నమాట. అన్నీ ఆగినప్పుడు ఒక మెట్టుకి 15 నుంచి 30 నిమిషాలని మోడల్‌లో రాశాను. అవతలి నాలుగు మాత్రమే ఆగితే ఆ మూల మెట్టుకి 25 నుంచి 45 నిమిషాలు అని ఇంకో రెండు తెల్లవారుజాముల్లో కొలిచాను.

మనిషి గడియారం కొలవడం ఇంకా కష్టం. అప్పుడు చెరువు మీద ఉన్న కొత్త మనిషికి ముందే చెప్పి, ఏ రాత్రి అన్నది చెప్పకుండా ఏడు సార్లు బజర్ మోగించాను. బజర్ మోగినప్పటి నుంచి జనరేటర్ లోడ్ తీసుకునేదాకా అతి తక్కువ 2 నిమిషాలు, అతి ఎక్కువ 11. ఆ 11 నిమిషాల రాత్రి ఏమైందో అడిగాను. చీకట్లో చేంజోవర్ స్విచ్ (లైను నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్) హ్యాండిల్ దొరకలేదన్నాడు. మర్నాడే అక్కడ బ్యాటరీ లైటు పెట్టించాం. అయినా మోడల్‌లో 11 అలాగే ఉంచాను. చీకటి ఒక్కటే కారణం అనుకోకూడదు కదా.

మోడల్‌లో మొత్తం అయిదు భాగాలు: కరెంటు లైను, బజర్, మనిషి, స్టార్టర్లు, చెరువు. అడిగిన ప్రశ్న ఒకటే. అర్ధరాత్రి అడుగు ఆక్సిజన్ 4 ఉందనుకుంటే, ఏ దారిలో వెళ్లినా సరే, తెల్లారేలోపు అది 2కి దిగకుండా ఉంటుందా? 3 కంటే తగ్గితే రొయ్య మేత మానేస్తుంది. 2 దగ్గర ఎక్కువసేపు ఉంటే ఇక లేవదు.

ఉప్పాల్ ఉండదు అంది. ఉండదు అన్నప్పుడు దానికి కారణమైన దారిని అడుగడుగునా చూపిస్తుంది, ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే. మొదటి దారి పనికిరానిది. కరెంటు గంటలో నలభై సార్లు పోయి వస్తున్నట్టు రాసుకుంది, నేను దానికి హద్దు చెప్పలేదు కాబట్టి. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో మూడు నెలల పేజీలు చూసి, మా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) ఎలా ప్రవర్తిస్తుందో దాని ప్రకారం హద్దులు పెట్టాను. మళ్లీ నడిపాను. రెండో దారి ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అది ఇదీ:

కరెంటు పోయింది. స్టార్టర్లు ఆరూ పడిపోయాయి. బజర్ గడియారం మొదలైంది. రెండు నిమిషాలకి కరెంటు వచ్చింది. బజర్ గడియారం సున్నాకి వెళ్లింది. మకాం దగ్గరి రెండు ఏరేటర్లు వాటంతటవే తిరిగాయి. అవతలి నాలుగు తిరగలేదు. మనిషి పడుకునే ఉన్నాడు. వంద నిమిషాలకి అవతలి మూల అడుగున ఆక్సిజన్ 2.

ఇందులో మనిషి చేసిన తప్పు ఏమీ లేదు. బజర్ మోగనే లేదు.

సంగతేమిటంటే, మామూలు స్టార్టర్‌లో నో-వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోయిన క్షణంలో అది పట్టు వదిలేస్తుంది. తిరిగి కరెంటు వచ్చినా ఎవరో ఒకరు వెళ్లి పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. రిపేరు చేస్తున్నవాడి మీద మోటారు హఠాత్తుగా తిరగకుండా పెట్టిన రక్షణ అది, మంచిదే. మకాం దగ్గరి రెండిటికీ మాత్రం రైతు అంతకుముందు సంవత్సరం ఆటో స్టార్టర్లు పెట్టించుకున్నాడు. అవతలి నాలుగూ పాతవే. ఇక బజర్. కరెంటు ఒక్క క్షణం మినుకుమన్నా మోగుతోందని, నిద్ర పట్టడం లేదని కాపలావాళ్లు విసుక్కుంటే దానికి మూడు నిమిషాల ఆలస్యం పెట్టాను. ఆ ఆలస్యం పెట్టింది నేను. మూడు నిమిషాల లోపు కోతకి బజర్ మోగదు, నాలుగు ఏరేటర్లు మాత్రం ఆగిపోతాయి. బజర్ గడియారం కరెంటు రాగానే సున్నాకి వెళ్తుంది. చెరువు గడియారం వెళ్లదు.

పంట పోయిన ఉదయం మెయిన్ తీసి నేను చేసిన టెస్టులో ఇది బయటపడే అవకాశమే లేదు, ఎందుకంటే బజర్ మోగేదాకా నేను మెయిన్ వేయలేదు.

సబ్‌స్టేషన్‌కి వెళ్లి ఆ తేదీ పేజీ తీయించాను. రాత్రి 1.52కి ఫీడర్ ట్రిప్, 1.54కి మళ్లీ ఛార్జ్. రెండే నిమిషాలు. 1.52కి వంద నిమిషాలు కలిపితే 3.32. అవతలి మూల మెట్లు నెమ్మదిగా దిగాయనుకున్నా 4.52. కుర్రాడు గట్టు మీదికి వెళ్లింది 4.50కి. రైతు వాడికి చెప్పిన డ్యూటీ అర్ధరాత్రి ఒక రౌండు, అయిదింటికి ఒక రౌండు. వాడు చెప్పిన టైముకి పది నిమిషాలు ముందే వెళ్లాడు.

ఆ ప్రింటు, లాగ్‌బుక్ పేజీ ఫొటో పట్టుకుని రైతు దగ్గరికి వెళ్లాను. బజర్ ఆలస్యం సంగతి ముందు చెప్పాను, తర్వాత కాగితం చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో లైనూ వేలు పెట్టి చదివారు. "అయితే వాడు పడుకోలేదంటారా?" అన్నారు. పడుకున్నా పడుకోకపోయినా ఆ టైములో లేవాల్సిన పని వాడికి ఎవరూ చెప్పలేదండి అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి కుర్రాడి వాళ్ల నాన్నకి చేశారు. నేనూ మాట్లాడాను. నా వల్ల మాట పడ్డావు, నాదే తప్పు అని కుర్రాడికి చెప్పాను. "పర్లేదులెండి, ఆ కాగితం ఒకటి నాకివ్వండి" అన్నాడు.

మార్పులు ఇవీ. బజర్‌ని కరెంటు లైను నుంచి తీసేశాం. ఒక్కో ఏరేటర్ తీగకి కరెంటు కొలిచే రిలే పెట్టాం. ఆరిట్లో ఏ ఒక్కటి 20 సెకన్లు కరెంటు తీసుకోకపోయినా బజర్ మోగుతుంది. లైనులో కరెంటు ఉండటం వేరు, ఏరేటర్ తిరగడం వేరు. ఒక ఫేజ్ పోయినప్పుడు కూడా మకాంలో బల్బు వెలుగుతూనే ఉంటుంది, మోటార్లు మాత్రం కాలిపోతాయి. అందుకే ఒక ఫేజ్ పోతే మోటార్లు ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కూడా పెట్టాం. అవతలి నాలుగిటికీ ఆటో స్టార్టర్లు బిగించి, ఒకదాని తర్వాత ఒకటి పది సెకన్ల తేడాతో తిరిగేలా అమర్చాం. మోటారు తిరిగే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది. ఆరూ ఒకేసారి లేస్తే వోల్టేజీ పడిపోయి మళ్లీ అన్నీ ట్రిప్ అవుతాయి. ప్రతి ఆటో స్టార్టర్ దగ్గరా హెచ్చరిక బోర్డు పెట్టాం, మోటారు ముట్టుకునే ముందు ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా తెంపే స్విచ్) తీయమని. ఆ పాత కాయిల్ ఇచ్చిన రక్షణ పోయింది కాబట్టి ఇది తప్పదు.

కొత్త అమరికని మోడల్‌లో పెట్టి అదే ప్రశ్న అడిగాను. అర్ధరాత్రి అడుగున 4 ఉంటే, జనరేటర్ మొదటిసారి స్టార్ట్ కాకపోయినా, మనిషి 11 నిమిషాలు తీసుకున్నా, 2కి దిగదు అంది. 3.5 ఉన్నా దిగదు. 3 ఉంటే మాత్రం దిగే దారి ఉంది. నాకు ఈ జవాబు మొదటిదానికంటే విలువైంది. ఏ రాత్రి నిద్రపోవచ్చో, ఏ రాత్రి పోకూడదో ఒక్క అంకెలో తేలిపోయింది. మకాం గోడ మీద రాసి పెట్టాం: 12 గంటలకి అడుగు రీడింగ్ 3.5 కంటే తక్కువ ఉంటే ఇద్దరు మనుషులు ఉండాలి, జనరేటర్ ముందే ఒకసారి స్టార్ట్ చేసి చూడాలి. ముసురు పట్టిన రోజు ఎండ లేక ప్లాంక్టన్ ఆక్సిజన్ సరిగా తయారుచేయదు, సాయంత్రానికే తక్కువతో మొదలవుతాం. అలాంటి రోజు సాయంత్రం మేత తగ్గించాలని రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయనకి తెలుసు. అమావాస్యకీ, పౌర్ణమికీ రొయ్య కుబుసం విడుస్తుందని, అప్పుడు ఆక్సిజన్ ఎక్కువ కావాలని ఆయనే నాకు చెప్పి, ఆ నాలుగు రోజులూ గోడ మీది అంకెని 4 చేయించారు. మోడల్‌లో అది లేదు. ఆయన మాట విన్నాను.

కరెంటు బిల్లు సంగతి కూడా అడిగారు. ఆరు ఏరేటర్లు గంట తిరిగితే సుమారు పది యూనిట్లు. ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం నీళ్లలో ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది, రాత్రి 11 దాకా రెండు ఆపినా ఫర్వాలేదని మోడల్ చెప్పింది. ఆయన ఆపుదామన్నారు, నేను వద్దన్నాను. ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చి నీటి రంగు విరిగే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నేను కొలిచిన మెట్లేవీ పనికిరావు, అది ఎప్పుడొస్తుందో మోడల్‌కి తెలియదు. చివరికి 60వ రోజు లోపు మాత్రం, రొయ్య చిన్నగా ఉన్నప్పుడు, ఎండ రోజుల్లో రెండు ఆపడానికి ఒప్పుకున్నాం. అందులో ఆదా అయ్యింది కొంతే. ఆ కొంత చాలనుకున్నాం.

మెట్ల సమయాలు ఈ ఒక్క చెరువువి. పక్క చెరువులో లోతు వేరు, బురద వేరు, ఏరేటర్లు పెట్టిన తీరు వేరు. పక్క రైతు ఈ అంకెలే గోడ మీద రాసుకుంటానంటే వద్దని చెప్పాను. ఆ 20 నిమిషాలు ఆపి కొలవడం అక్కడా చేయాల్సిందే.

ఆ పంటలో పట్టుబడి దాకా రెండు నిమిషాల లోపు కోతలు ఏడెనిమిది వచ్చాయి. ప్రతిసారీ బజర్ మోగింది, కరెంటు వచ్చాక ఆరు ఏరేటర్లూ నిమిషంన్నరలోపే తిరిగాయి. కుర్రాడు తిరిగి పనిలోకి వచ్చాడు. ప్రతి మోతకీ టైము, ఏ ఏరేటర్ ముందు తిరిగింది, అడుగు రీడింగ్ ఎంత అని నోటుబుక్కులో రాస్తున్నాడు. ప్రోబ్ మీద వారానికే నాచు పట్టి రీడింగ్ తప్పు చూపిస్తోందని కనిపెట్టింది కూడా వాడే, రోజూ రాయడం వల్ల. ఇప్పుడు సోమవారం, గురువారం ప్రోబ్ తుడవడం గోడ మీది జాబితాలో చేరింది. నేను బిగించిన మిగతా పదకొండు బజర్లకి కూడా ఇదే మూడు నిమిషాల ఆలస్యం ఉండేది. వాటిలో ఏడు మార్చాను, నాలుగు ఈ నెలలో మారుస్తాను.